బావగారి మోకాళ్ళు

ఫిలిప్ సైకిల్ బూటు తిరగేసి టీపాయ్ మీద పెట్టాడు, కోర్టులో సాక్ష్యం పెట్టినట్టు.

"ఇదేం రంగురా?"

స్టీఫెన్ కాఫీ గ్లాసు దించి వంగి చూశాడు. "ఎరుపు... అదేంటి బావా, ఎర్రవెందుకున్నాయి?"

"నన్నడుగుతావే? బిగించింది నువ్వు."

స్టెల్లా పకోడీల పళ్ళెంతో గుమ్మంలోనే ఆగిపోయింది. ఒక పక్క మొగుడు, ఇంకో పక్క తమ్ముడు. పళ్ళెం ముందు ఎవరి దగ్గర పెట్టినా రెండోవాళ్ళు అలిగేలా ఉన్నారు.

ఫిలిప్‌కి ఈ వయసులో సైకిల్ పిచ్చి పట్టించింది స్టీఫెనే. ఆదివారం తెల్లవారుతూనే భవానీపురంలో బయల్దేరి, బావా బావమరుదులిద్దరూ కరకట్ట పట్టుకుని పోయేవారు. చర్చిలో ఫిలిప్ వాయించాల్సిన డోలక్ మీద దుప్పటి కప్పే ఉండేది. డోలక్ లేక పాట ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు సాగదీసేవారు. "మీ ఆయన ఏరమ్మా?" అని తెరేసమ్మగారు అడిగినప్పుడల్లా, "ప్రభువు దయవల్ల కరకట్ట మీద ఉన్నారండీ" అని చెప్పేది స్టెల్లా.

తిరిగొచ్చేసరికి ఫిలిప్‌కి మోకాళ్ళు పట్టేసేవి. సైకిల్ మానేయమంటాడేమోనని స్టెల్లా ఆశగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన మానేయక్కర్లేదు, పెడల్స్ మార్చమన్నాడు. ముగ్గురూ కలిసి గవర్నరుపేటలో చక్రి కొట్టుకి వెళ్ళారు.

బూటు పెడల్‌కి అతుక్కుపోయే రకం అది. పేరు క్లిప్‌లెస్, చేసే పని మాత్రం క్లిప్పుదే. పెట్టెలో రెండు రంగుల ప్లాస్టిక్ ముక్కలున్నాయి.

"బూటు కింద బిగించే క్లీట్లండీ ఇవి," అన్నాడు చక్రి. "పసుపువైతే మడమ అటూ ఇటూ కాస్త ఆడుతుంది, మోకాలికి హాయి. ఎర్రవైతే బిర్రబిగుసుకుపోతుంది. అవి రేసులు తొక్కే కుర్రాళ్ళకి."

"మా బావకి పసుపువే. ముసలి మోకాళ్ళు."

"ఎవడ్రా ముసలాడు?" అన్నాడు ఫిలిప్. అందరూ నవ్వారు.

స్టీఫెన్ ఆ సాయంత్రమే వరండాలో కూర్చుని పసుపువి బిగించిపెట్టాడు. ఆ ఆదివారం ఫిలిప్ చల్లపల్లి దాకా తొక్కాడు. దారిలో స్టీఫెన్‌ని దాటేశాడు కూడా. "మోకాళ్ళున్నట్టే తెలియలేదే! ఇక ఒక్క ఆదివారం కూడా వదలను," అని స్టెల్లాకి శుభవార్త చెప్పాడు.

తరవాతి ఆదివారం కుడి మోకాలు సలిపింది. ఆపై ఆదివారానికి మెట్లు దిగలేకపోయాడు. స్టెల్లా కాపడాలు పెట్టింది. నిన్న చక్రి ఆ బూటు తిరగేసి, "ఇవెవరు బిగించారండీ మీకు?" అన్నాడు.

"చల్లపల్లి వెళ్ళొచ్చిన మర్నాడు బోల్టులు చూస్తానని వచ్చావు," అన్నాడు ఫిలిప్. "బూట్లు ముట్టుకున్నావు. నొప్పి అప్పట్నుంచే."

"కొత్తవి కదా, వదులవుతాయని బిగించాను బావా. అంతే."

"పెట్టెలో పసుపువి లేవు. నీ బూట్లకి మాత్రం నిగనిగలాడుతున్నాయి."

"అవి నావి! పోయినేడు కొన్నవి! దేవుడి తోడు బావా..."

"దేవుణ్ణి లాగకు. బావ దాటేశాడని నీ సైకిల్ బ్యాచంతా నిన్ను ఏడిపించారు. అదీ నీ మంట." ఫిలిప్ బూటు పక్కకి తోశాడు. "నువ్వు నిక్కర్లేసుకునే రోజుల నుంచీ నిన్ను సొంత తమ్ముడిలా చూశాన్రా. మోకాలు చంపేస్తుంటే, పక్కనే తొక్కుతూ 'మెల్లగా రా బావా' అన్నావు చూడు... అది మాత్రం మర్చిపోను."

స్టీఫెన్ సాయం కోసం అక్క వైపు చూశాడు. స్టెల్లా పకోడీల వైపు చూసింది.

"చల్లారిపోతున్నాయి. ముందు తినండి."

ఎవరూ తినలేదు.

"మీ తమ్ముడి గృహప్రతిష్ఠకి నేను రాను," అన్నాడు ఫిలిప్, స్టీఫెన్ అక్కడ లేనట్టే. "కావాలంటే నువ్వెళ్ళు."

కొత్తింటి రిబ్బను బావే కత్తిరిస్తాడని స్టీఫెన్ అప్పటికే కార్డుల్లో అచ్చేయించాడు.

పసుపువి మళ్ళీ తెప్పిస్తానని చక్రి ఫోన్ చేశాడు. వద్దన్నాడు ఫిలిప్. ఆ సైకిల్ చూస్తే వాడి మొహమే గుర్తొస్తోందట. సైకిల్ అటకెక్కింది.

ఆదివారం చర్చిలో డోలక్ మీద దుప్పటి తొలగింది. పాట గాడిలో పడింది. "నీ ప్రార్థన ఫలించిందమ్మా," అంది తెరేసమ్మ, స్టెల్లా చెయ్యి నొక్కి.

ప్రభువు బల్లకి రమ్మన్నప్పుడు మాత్రం ఫిలిప్ లేవలేదు. మనసులో పగ పెట్టుకుని రొట్టె ముట్టకూడదని. ఆడవాళ్ళ వైపు స్టెల్లా కూడా లేవలేదు. మొగుడికి తోడుగా అనుకున్నారంతా.

బయట చెప్పుల దగ్గర స్టీఫెన్ అక్కని పట్టుకున్నాడు. రెండు రోజులుగా గడ్డం గీసుకున్నట్టు లేదు.

"నేను బోల్టులు బిగించేటప్పటికి పసుపువే ఉన్నాయక్కా. తరవాతేమైందో నాకు తెలీదు. నువ్వైనా నన్ను నమ్ముతావా?"

"నమ్ముతాన్రా." స్టెల్లా వాడి కాలరు సరిచేసింది. "నువ్వు అలాంటి పని చెయ్యలేదని నాకు తెలుసు."

స్టీఫెన్ చిన్నపిల్లాడిలా కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వొక్కదానివేనే నా పక్కనుంది."

ఇంటికొచ్చాక, ఫిలిప్ స్నానానికి వెళ్ళేదాకా ఆగి, స్టెల్లా కందిపప్పు డబ్బా అడుగున చెయ్యి పెట్టి, ఆ సోమవారం తమ్ముడు బోల్టులు బిగించి అటు వెళ్ళగానే మొగుడి బూట్ల నుంచి తను విప్పి దాచిన పసుపు క్లీట్లు రెండూ తీసి, చెత్తబుట్టలో ఉల్లిపొట్టు కిందికి తోసేసింది.