చాక్లెట్ ఉండలో పన్ను

కోడలు నాలుగో పెట్టెకు రిబ్బను ముడి వేస్తుండగా గడియారాల తాత నాలుక ఊరికే ఉండలేక కింది దవడ చివరి దాకా షికారు వెళ్ళింది. అక్కడ ఉండాల్సిన కట్టుడు పన్ను లేదు.

తాత గుండె గోడ గడియారంలా ఠంగుమని ఒక దెబ్బ కొట్టి ఆగింది.

నిన్న మధ్యాహ్నం చేసిన ఘనకార్యం కళ్ళముందు తిరిగింది. పీనట్ బటరు, చక్కెర పొడి, బిస్కెట్ల పొడి కలిపిన ముద్ద పెద్ద గిన్నెలో ఉంది. కాల్చేదీ ఉడికించేదీ లేదు. ఉండలు చుట్టి, కరిగిన చాక్లెట్‌లో ముంచి, ఫ్రిజ్‌లో పెడితే సరి. కోడలు స్నానానికి వెళుతూ గిన్నెకు అత్తగారిని కాపలా పెట్టింది. అత్తగారు బట్టలు ఆరేయడానికి మేడెక్కిన ఐదు నిమిషాల్లో తాత వంటింట్లో దూరాడు. రుచి చూడ్డమంటే ఎవరైనా ఒకసారి చూస్తారు. ఆయన ఐదుసార్లు చూశాడు. ఆ ముద్ద జిగురు సంగతి చెప్పాలంటే, దానితో ఇటుకలు అతికించి ఇల్లు కట్టుకోవచ్చు. ఇలాంటివి ముట్టుకోవద్దని పళ్ళ డాక్టరు మొగుడూపెళ్ళాలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసి, ఆవగింజంత మర కూడా పోగొట్టని మనిషి. ఇప్పుడు నలభై ఎనిమిది ఉండల్లో ఎందులో తన పన్ను ఉందో తెలియదు. కోడలు కొత్త ఉద్యోగంలో చేరి మూడు వారాలు. సెలవుల ముందు ఆఫీసులో అందరూ ఇంట్లో చేసినదేదో తీసుకెళ్ళాలట. ఎర్ర రిబ్బను పెట్టె ఆమె పై అధికారిణికి. ఆవిడ కొరికినప్పుడు టక్కుమంటే ఈ పిల్ల మళ్ళీ ఆ ఆఫీసులో తలెత్తుకోగలదా?

ఇంకో రోజు ఆగితే బాగా గట్టిపడతాయేమో అని తాత నసిగాడు. గట్టిపడ్డాయనీ, పార్టీ సాయంత్రం నాలుగింటికేననీ కోడలు చెప్పింది. చాక్లెట్ ఏదో వాసన వేస్తోందన్నాడు. అప్పుడొక వింత జరిగింది. గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య అవునవునని గట్టిగా తలూపింది. ఆయన మాటకు ఆవిడ తలూపడం పెళ్ళయ్యాక అదే మొదలు.

అంతకంటే వింత, ఆవిడ పొద్దుటినుంచీ నోరు విప్పలేదు. మామూలు రోజుల్లో ఆవిడ మాట్లాడుతుంటే రేడియో సిగ్గుపడి తనంతట తానే ఆగిపోయేది. ఇవాళ కాఫీ కావాలా అంటే కూడా చేత్తోనే వద్దంది. అంతా చూసేసిందన్నమాట అనుకున్నాడు తాత. ఆ మౌనం కంటే నాలుగు తిట్లు తినడం నయమనిపించింది.

ఎర్ర రిబ్బను పెట్టె తీసి, చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఆడించాడు.

"ఏంటి మామయ్యా, టిక్కుటిక్కుమంటోందా?" అంటూ నవ్వింది కోడలు.

ఆ నవ్వుకే తాత కూలిపోయాడు. పెట్టె బల్లమీద పెట్టి, నేల చూస్తూ నిలబడ్డాడు.

"అమ్మా, నా కట్టుడు పన్ను అందులో పడింది. నిన్న ముద్ద దొంగతనంగా తిన్నాను. వేళ్ళు నాకి..." చేతులు వెనక్కి దాచుకున్నాడు. "మళ్ళీ అవే వేళ్ళు గిన్నెలో పెట్టాను."

డెబ్బై రెండేళ్ళ చెవులు నిప్పుకణికలయ్యాయి. కోడలు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అడిగితే నేనే పెట్టేదాన్ని కదా మామయ్యా."

తిట్టినా అంత గుచ్చుకునేది కాదు. పీనట్ బటరు డబ్బాలో ఇంకా సగం ఉంది, మళ్ళీ చుట్టుకుందాం, ముందు మీ పన్ను వెతుకుదాం అంటూ ఆ పిల్ల రిబ్బన్లు విప్పింది. అందరికంటే ముందు కత్తి అందుకున్నది మాత్రం తాత భార్య. పట్టిందల్లా రెండు ముక్కలు చేస్తూ పోయింది. ముప్పై ఒకటో ఉండ దగ్గర కత్తి టక్కుమంది.

ఆవిడ చెయ్యి చాపేలోపు తాతే లాక్కున్నాడు. కుళాయి కింద కడిగి, కళ్ళు తుడుచుకుని, దవడలో పెట్టుకోబోయాడు. అది కూర్చోలేదు. తిప్పి పెట్టాడు, బోర్లా పెట్టాడు. రాత్రంతా చాక్లెట్‌లో ఉండి ఒళ్ళు చేసిందేమో అనుకుని, తన పాత భూతద్దం పెట్టె తెమ్మన్నాడు.

కోడలు పెట్టె తెచ్చి, మూత తీసి, అలాగే నిలబడిపోయింది. భూతద్దం పక్కన, దూది మీద, కాళ్ళు చాపుకుని పడుకున్నట్టు తాత పన్ను.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. జిగురుకు ఊడిపోతుందని, దొంగతనానికి బయల్దేరే ముందు తనే తీసి భద్రంగా దాచాడు. రాత్రి సూపు తాగి పడుకోవడంతో మళ్ళీ దాని అవసరం రాలేదు.

కోడలు ఆ పన్నునూ ఈ పన్నునూ మార్చి మార్చి చూసింది. తాత చేతిలో ఉన్నది దవడ పన్ను కాదు, ముందు పన్ను.

"మరి ఇదెవరిది మామయ్యా?"

ఇద్దరూ ఒక్కసారే వెనక్కి తిరిగారు. చేతిలో కత్తితో నేల చూస్తూ నిలబడ్డ ఆవిడ, పొద్దుటినుంచీ మొదటిసారి నోరు విప్పింది.

"తీపి థరిపోయిందో లేదో చూథానంతే."