నిప్పులోంచి వచ్చిన కుండ

ఇదంతా కనెయోషి నోటిదూల వల్ల వచ్చిపడింది. మోగికి సొంత తమ్ముడై ఉండి, సాకే సారా గొంతు దిగగానే టీవీ వాళ్ల ముందు ఇంటి సంగతి సగం కక్కేశాడు. ఆ సగమే ఇప్పుడు సీరియల్లో సీనై, కాగితాలెక్కి మోగి చేతికొచ్చింది.

“ఆ కుండ సంగతి తీసెయ్యండి,” అన్నాడు మోగి, పొయ్యి మీది మలుగు చేపల్ని తిప్పుతూ.

“అదే కదండీ దీనికి ప్రాణం!” అన్నాడు డైరెక్టరు కజామా. “హీరో మీ చేపన్నం తింటూ కుండ గురించి అడుగుతాడు. నిప్పులోంచి దాన్నెలా తెచ్చారో మీరు చెబుతారు. అంతే.”

కుండ పొయ్యి పక్కనే ఉంది. కాల్చిన చేపను అందులోని తారే అనే చిక్కటి రసంలో ముంచి తీస్తారు. తాతల నాటి తారే. తరిగినప్పుడల్లా సోయా రసం కాచి పోయడమే తప్ప కుండను ఖాళీ చేసిన రోజు లేదు. మూతి మీద ఒకవైపు మసి మరక. ఎంత తోమినా పోదు.

“కాదంటే?”

“సరస్సు అవతల ఇంకో కొట్టు చూసిపెట్టుకున్నాం,” అన్నాడు కజామా మెత్తగా.

మోగి విసనకర్ర అందుకుని బొగ్గుల మీద గట్టిగా విసిరాడు. కొత్త రోడ్డు పడ్డాక కొట్టు ముందు ఆగే బండే లేదు. ఈ ఏడాది గడవడమే గండం. ఆ సీరియల్లో కనబడిన కొట్ల ముందు మాత్రం జనం వరసలు కడుతున్నారు. అందులో ఉన్నదేమిటో మోగికి అర్థమై చావదు. ఒకడు ఏదో ఊళ్లో దిగుతాడు. వాడికి ఆకలేస్తుంది. చిన్న కొట్టు చూసుకుని కడుపునిండా తిని, దణ్ణం పెట్టి వెళ్లిపోతాడు.

“ఎవడో తింటుంటే నోరు తెరుచుకుని చూడ్డమేంటే?” అని భార్యను ఎన్నోసార్లు ఎగతాళి చేశాడు.

“అందులో ఎవరికీ ఏమీ కాదు,” అనేది హత్సుయే, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

షూటింగ్‌కి ఒప్పుకున్నదీ ఆమే. ఆ కాగితాలు చదివాక మాత్రం ఒకే మాటంది: “కెమెరా ముందు ఆ కుండ కథ ఎత్తారా, నేనీ ఇంట్లో ఉండను.” అరవలేదు, ఏడవలేదు. పొద్దున లేచి చూస్తే మెట్ల దగ్గర ఆమె సంచి సర్ది ఉంది.

“వదినకి ఆ కుండ సవతి లెండి, కజామా గారూ,” అన్నాడు కనెయోషి బల్ల దగ్గర్నుంచి. “ఇన్నేళ్లలో ఒక్క చుక్క నాలిక మీద వేసుకోలేదు. ఉత్తి చేప కాల్పించుకుని ఉప్పద్దుకు తింటుంది.”

“ఓనరమ్మే తినదా!” అని షూటింగ్ వాళ్లంతా ఘొల్లున నవ్వారు.

“నోరు ముయ్యరా,” అన్నాడు మోగి.

అన్నం ఉడికింది. మూత తీసిన చప్పుడికి హత్సుయే పైనుంచి దిగింది. కుందేలు బొమ్మలున్న బుల్లి గిన్నెలో మొదటి గరిటె పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా మళ్లీ మెట్లెక్కింది.

“పైన పాపుందా?” అంది మేకప్ అమ్మాయి. “ఇంత గోలలోనూ కిక్కురుమనదే!”

“కాస్త మా ఇంటికి పంపమనండి, మావాడికి పాఠాలు చెబుతుంది,” అన్నాడు కజామా.

కనెయోషి ఈసారి నవ్వలేదు. చేతిలోని టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

లైట్లు వెలిగాయి. హీరో ఒరిబే బల్ల ముందు కూర్చుని చేపన్నం పెట్టె మూత తీశాడు. ఆవిరి మొహానికి తగలగానే కళ్లు మూసుకున్నాడు. మొదటి ముద్ద నోట పెట్టుకున్న తీరు చూసి, లైటు పట్టుకున్నవాడు కూడా గుటకేశాడు.

“ఈ కుండకో కథ ఉందటగా, పెద్దాయనా?”

మోగి మెట్లవైపు చూశాడు. సంచి అక్కడే ఉంది. కెమెరా వెనక కజామా చెయ్యి తిప్పుతున్నాడు, చెప్పండి చెప్పండి అని. అవతలి గట్టున ఇంకో కొట్టుంది.

“మా నాయన చెప్పేవాడు,” అన్నాడు మోగి. “ఇల్లు కాలితే మళ్లీ కట్టుకోవచ్చు, కుండ పోతే మళ్లీ రాదు, నిప్పంటుకుంటే ముందు కుండ పట్టుకురా అని. ఇరవై రెండేళ్ల కిందట, గాలి విసురుగా ఉన్న రోజు. పొయ్యి నుంచి మంట లేచింది. చేతులు వాటంతటవే కుండ మీదికి పోయాయి.”

ఒరిబే కాగితంలో లేని మాట అడిగాడు. “తర్వాత మళ్లీ లోపలికి వెళ్లలేదా?”

“వెళ్లబోయాను. ఊళ్లోవాళ్లు పట్టుకుని ఆపేశారు.”

“కట్!” కజామా చప్పట్లు కొట్టాడు. “అద్భుతం ఓనరు గారూ! ఇక కొట్టు ముందు జనమే జనం!”

చప్పట్లు ఆగేసరికి హత్సుయే కింది మెట్టు మీద నిలబడి ఉంది. ఒక చేతిలో సంచి. రెండో చేతిలో కుందేళ్ల గిన్నె. అందులో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది, చల్లారిపోయి.

“సమయానికి వచ్చారమ్మా!” అన్నాడు కజామా. “చివర్లో ఇంటిల్లిపాదీ గుమ్మంలో నిలబడి హీరోని సాగనంపాలి. పాపని కూడా పిలవండి. ఎన్నేళ్లు?”

హత్సుయే మొగుడి వైపు చూసింది, ఆ జవాబేదో నువ్వే చెప్పు అన్నట్టు. మోగి చేతిలో విసనకర్ర ఆగిపోయింది. పొయ్యి మీద చేప మాడుతోంది.

“నాలుగు,” అంది ఆమె.

కజామా మురిసిపోయాడు. “ముద్దొచ్చే వయసు!”

హత్సుయే ఆ గిన్నెను కుండ పక్కన పెట్టింది.

“ఇరవై రెండేళ్లుగా నాలుగే.”