మూడో పైపు

“తొక్కు బాబాయ్, ఇప్పుడు తొక్కు!” అన్నాడు అల్లాబక్షు, బానెట్ కిందనుంచి తల ఎత్తకుండానే.

పికప్పు సీట్లో కూర్చున్న ఆదెయ్య బ్రేకు తొక్కాడు. నడుస్తున్న ఇంజను గుడగుడల మధ్య పెడల్ మెత్తగా దిగింది.

“దిగిందా?”

“నీ షెడ్డులో అన్నీ దిగుతాయిరా! వాగు వంతెన డౌనులో కదా అది రాయల్లే బిగుసుకునేది!”

అద్దంకి సెంటరంతా వినపడేలా అన్నాడు. మెల్లగా మాట్లాడితే నోటికేదో నష్టమన్నట్టు ఉంటుంది ఆదెయ్య వరస.

నెల కిందట ఈ పాత బండి వాక్యూమ్ పైపు నిజంగానే చీలింది. ఇంజను తిరుగుతూ ఆ పైపులోంచి గాలి లాగేస్తుంటేనే బ్రేకు తేలిగ్గా పడుతుంది. ఆ లాగడం ఆగితే రెండు కాళ్లతో తొక్కినా బండి ఓ పట్టాన ఆగదు. అల్లాబక్షు కొత్త పైపు వేశాడు. వారానికే ఆదెయ్య తిరిగొచ్చాడు. ఇంకోటి వేశాడు. మళ్లీ వచ్చాడు. ఇది మూడోది. విప్పిన రెండు కొత్త పైపుల్నీ ఒక కొన వేలితో మూసి నోటితో పీల్చి చూశాడు. ఎక్కడా చిల్లు లేదు.

ఈలోగా ఆదెయ్య ఊరుకున్నాడా? టీకొట్లో, పురుగుమందుల షాపులో, ఆఖరికి సెలూన్లో గొంతు మీద కత్తి ఆడుతుండగా కూడా అల్లాబక్షు పనితనాన్ని ఉతికి ఆరేశాడు. పెదకాకాని తీసుకెళ్లి బండికి పూజ చేయించి, పూజారిగారి చెవిన కూడా వేసొచ్చాడు. షెడ్డు ముందు బారులు తీరే బండ్లు రెండుకు పడిపోయాయి. తండ్రి చేతుల మీదుగా పెట్టిన షెడ్డు అది. అల్లాబక్షు ఇంజను మీద బానెట్ దబ్బున మూసి ఆదెయ్య వైపు తిరిగాడు.

“నేనూ వస్తా బాబాయ్. ఆ డౌనులో నీ పక్కనే కూర్చుని చూస్తా. తప్పు నాదైతే స్పానర్లన్నీ ఆ వాగులోనే పారేసి షెడ్డు మూసేస్తా.”

“రా మరి. మాట తప్పేవు!”

పాతిక మిర్చి టిక్కీల బస్తాలతో బండి కదిలింది. డీజిలు రేటు పెంచినవాళ్ల వంశాన్నంతా తిట్టి, ఆ తర్వాత ఆదెయ్య తన పొగడ్తలో పడ్డాడు.

“ముప్పయ్యేళ్ల డ్రైవింగురా నాది. ఇట్లాంటి బండికి అందరికీ లీటరుకు పది కిలోమీటర్లు. నాకు పదమూడు. ఎట్లా?”

“ఎట్లా?”

“నడపడం రావాలి!”

పొగాకు కాల్చే బ్యారన్ల మలుపులో గేదెలు అడ్డమొచ్చాయి. ఆదెయ్య తొక్కాడు. బండి సుతారంగా ఆగింది.

“బాగానే పట్టిందిగా బాబాయ్?”

“డౌను రానీరా. నా టేపులో పాట సరిగ్గా వినపడేది కూడా అక్కడే. బండి అంత సుఖంగా జారిపోద్ది. నీ దరిద్రపు బ్రేకు ఒక్కటే నా ప్రాణాలకొచ్చింది.”

వంతెన కనపడింది. అటునుంచి చీమకుర్తి బండరాళ్ల లారీ ఒకటి బరువుగా ఎక్కుతోంది. అల్లాబక్షు మోకాళ్ల మీదికి వంగి ఆదెయ్య పాదాన్నే చూస్తున్నాడు. తప్పు ఎక్కడుందో ఇవాళ తేలిపోవాలి.

“ఇక చూస్కో నీ పనితనం!” అంటూ ఆదెయ్య స్టీరింగు కిందికి చెయ్యి పోనిచ్చాడు.

డీజిలు ఆదాకని, ఎప్పట్లాగే ఇంజను ఆపేశాడు.