శాలిని డిష్

గుణదల తిరునాళ్లకు వెళ్తూ శాలిని తన డిష్ నాకు అప్పగించింది. అందులో ఆకలి హార్మోను తయారుచేసే కడుపు కణాలున్నాయి. రోజూ ద్రవం మార్చడాన్ని మా ల్యాబులో తిండి పెట్టడం అంటాం.

"మర్చిపోకండి స్టెల్లా అక్కా" అంది.

మా ల్యాబ్ సార్ ఎప్పుడూ మెచ్చుకునేది శాలిని కణాలనే. అందుకే మూడు రోజులూ దాని డిష్‌ని వదిలేసి, అవే కణాలున్న నా డిష్‌కే తిండి పెట్టాను.

ఈ రాత్రి ఒంటరిగా కూర్చుని రెండింటినీ పరీక్షించాను. శాలిని కణాల్లో ఆకలి జన్యువు నిండా తిన్నట్టు నిద్రపోతోంది. నా కణాల్లో మాత్రం చెలరేగిపోతోంది. నా డిష్‌కి మళ్లీ తిండి పెట్టి చూశాను. తెర మీద ఆకలి గీత ఇంకా పైకెక్కింది.

శాలిని ఫోన్ చేసింది. "పెట్టారా అక్కా?"

"పెట్టానమ్మా."

ఫోన్ పెట్టేసేలోపే ఆకలితో నా పేగులు అరిచాయి. బల్ల మీద ఈ రాత్రి నేను తిన్న నాలుగో బిర్యానీ పొట్లం అప్పటికే ఖాళీగా ఉంది.