రామాంజులు గుండె

“కొట్టుకుంటాండాది,” అంది సుబ్బలక్ష్మమ్మ, మైక్రోస్కోపు మీంచి కన్ను తీయకుండా.

గాజు గిన్నెలో బియ్యపు గింజంత ముక్క. ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది.

కొడుకు రామాంజులు గుండె జబ్బుతో పోయి రెండో ఏడు నడుస్తోంది. వంశంలో వచ్చే జబ్బని, పోకముందే ఇంటిల్లిపాది రక్తం తీసుకున్నారు. రక్తం నుంచి గుండె కణాలు పెంచే పని నిఖత్ అనే పిల్లది. అదే ఆమె పీహెచ్‌డీ. ఏ చదువైనా ఒకచోట కుదురుగా చదువుకోరాదా? దీనికి మూడు క్యాంపస్‌లు తిరగాలట. మొదట ప్రొద్దుటూరు, తర్వాత జమ్మలమడుగు, ఇప్పుడు పులివెందుల. నిఖత్ మారినప్పుడల్లా గిన్నెలూ పెట్టెలో ఆమెతో బస్సెక్కాయి. వాటి వెనకే సుబ్బలక్ష్మమ్మ.

గేటు దగ్గర నిలబడి ఒకటే అడిగేది.

“నా కొడుకు బాగుండాడా పాపా?”

“బాగుండాడు పెద్దమ్మా,” అనేది నిఖత్ నేల చూస్తూ.

ఇంట్లో మాత్రం రోజూ రచ్చే. దినాలు చేసేద్దామంటాడు మొగుడు సంజీవయ్య. ఆమె ససేమిరా అంటుంది. గుండె కొట్టుకుంటున్న బిడ్డకు ఏ తల్లి పిండం పెట్టనిస్తుంది? పొద్దు గూకితే చాలు, రామాంజులు గొర్రెల దొడ్డి దగ్గర నిలబడతాడు. లోపలికి రాడు. పోడు. ఆ సంగతి ఆమె మొగుడికి కూడా చెప్పలేదు.

కాళ్లావేళ్లా పడితే ఇవాళ ఆమెను ల్యాబులోకి రానిచ్చారు. చాలాసేపు చూసింది. చూసి, తల పైకెత్తింది.

“ఇంక సాలు పాపా. యాడికీ పోనీకుండా నేనే వాన్ని పట్టుకోనుండా. ఆపెయ్.”

నిఖత్ మొహంలో నెత్తురు చుక్క లేదు. “వద్దు పెద్దమ్మా. నా మాట విను.”

“దొడ్డికాడ నిలబడలేక శానా అగసాట్లు పడతాండాడు వాడు. నా కండ్ల ముందరే ఆపు. పోయి దినాలు చేసుకుంటాం.”

నిఖత్ సీసా అందుకుంది. గిన్నెలో బ్లీచింగ్ నీళ్లు పోసింది.

ముక్క ఒకసారి ముడుచుకుంది. మళ్లీ విచ్చుకోలేదు.

“పోయిరా నాయనా,” అంది సుబ్బలక్ష్మమ్మ. ఇన్నాళ్ల బరువు దిగినట్టయింది. వెక్కివెక్కి ఏడుస్తున్న నిఖత్ తల నిమిరి, “నీ తప్పేం లేదులే,” అని బస్సుకు బయలుదేరింది.

రామాంజులు కణాలు ప్రొద్దుటూరు దాటకముందే చచ్చిపోయాయి. ఇవాళ గిన్నెలో ఆగింది సుబ్బలక్ష్మమ్మ రక్తం నుంచి పెంచిన గుండె.