మేడ మీది లత

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది గట్టిగా అరిచి చెప్పే కథ కాదు.

బెంగాల్ ఓడరేవు పేట గార్డెన్ రీచ్‌లో మాసిమాది రెండంతస్తుల ఇల్లు. ఊరందరికీ ఆవిడ మాసిమాయే, అంటే బెంగాలీలో పిన్నిగారన్నమాట. కింద ఆవిడ ఒక్కతే ఉంటుంది. పైన పంతొమ్మిదేళ్లుగా కృపాదానం కుటుంబం అద్దెకుంది. కృపాదానం ఓడల కార్ఖానాలో వడ్రంగి, అక్కడి తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్ద. ఇల్లిచ్చిన రోజునే మాసిమా ఒక్క షరతు పెట్టింది.

"నాలుగు కాళ్లది ఏదీ నా మెట్లెక్కకూడదు."

అంతకుముందు ఉన్నవాళ్లను కుక్కపిల్లతో సహా పంపేసిందావిడ. అలాంటి ఇంటికి ఒక చలికాలం ఆదివారం, జంతుశాస్త్రం చదివే కృపాదానం కూతురు కారుణ్య పామును తెచ్చింది.

స్నేహితురాలు బెంగళూరు వెళ్లిపోతూ కాగితాలతో సహా అప్పగించిందట. బాల్ పైథాన్. కొండచిలువల్లో చిన్నది, విషం లేదు. భయమేస్తే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. అందుకే దాని పేరు బంతి. స్నేహితురాలూ కారుణ్యా చెరోపక్క పట్టుకుని బుట్టను మెట్లెక్కిస్తుంటే మాసిమా గుమ్మంలో నిలబడి చూసింది.

"అందులో ఏముంది?"

"పుస్తకాలు మాసిమా."

బుట్ట మూత కొంచెం కదిలింది. గాలికే అనుకోవాలి.

పైన కృపాదానం భార్య సునీత గోడకు అంటుకుపోయింది. "ఏటే ఇది? ఏదెను తోటలోంచి మనల్ని గెంటించింది ఇదే. ఇప్పుడీ ఇంట్లోంచి కూడా గెంటిస్తాది!"

"దీనికి కాళ్లే నేవు కదే," అన్నాడు కృపాదానం. "మాసిమా మాట తప్పినట్టు కాదు."

సాయంత్రం మాసిమా శంఖం ఊది, దీపం పెట్టి, మోకాళ్లు పట్టుకుంటూ పైకి వచ్చింది. గుమ్మం మాత్రం దాటలేదు.

"మీ ఇంటికి లత వచ్చినట్టుందే?"

బెంగాలీ నోట అది "లొతా" అయింది. సునీతకు అర్థం కావడానికి క్షణం పట్టింది. పొద్దున బుట్ట మోసిన పిల్ల పేరు లత అనుకుంది కాబోలు పెద్దావిడ. కృపాదానం ఆ మాటను అందిపుచ్చుకున్నాడు.

"అవును మాసిమా, లత. మా చెల్లెలి కూతురు. టెక్కలి నుంచి వచ్చింది. కొన్నాళ్లుంటుంది."

మాసిమా అతన్ని ఎగాదిగా చూసింది. "పెద్దదా?"

"చిన్నదే. సిగ్గెక్కువ."

"మంచిది. సిగ్గున్న లత ఎవరి జోలికీ పోదు."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో లేని మేనకోడలు ఒకర్తె ఉంది.

కృపాదానం సెలవు పెట్టి ప్లైవుడ్‌తో నాలుగడుగుల పెట్టె చేశాడు. ముందు జరిపే అద్దాలు, లోపల కొబ్బరిపొట్టు పరుపు, ఒళ్లు తడుపుకోవడానికి నీళ్ల పళ్లెం. కారుణ్య ఒక పక్క అడుగున వేడిపట్టీ పెట్టింది. వేడి మించితే అది దానంతటదే ఆగిపోతుంది. ఒక పక్క వెచ్చన, రెండో పక్క చల్లన.

"నా కాపురంలో నాకొక గది నేదు," అంది సునీత. "దీనికి ఎండాకాలం ఒకటీ, చలికాలం ఒకటీనా!"

అన్నీ అమిరినా బంతి తినలేదు. వారం అయింది. మూడు వారాలయింది. ఎలుకను పెడితే మొహం తిప్పుకుంది. గెంటేయమన్న సునీతే రాత్రి ప్రార్థనలో దాని పేరు చెప్పింది.

మర్నాడు దీపాలవేళ మాసిమా మళ్లీ వచ్చింది. "లత తింటోందా?"

కారుణ్యకు ఏడుపొచ్చేసింది. "మూడు వారాలుగా ఏమీ ముట్టలేదు మాసిమా!"

సునీత కూతుర్ని గిల్లింది. మూడు వారాలు తినని మేనకోడలు ఎక్కడైనా ఉంటుందా?

మాసిమా తల ఊపిందంతే. "కొత్త చోటు కదా. నలుగురూ చూస్తుంటే ఎలా తింటుంది? దాక్కోవడానికి ఓ ఇరుకు మూల చూపించి వదిలేయండి." మట్టి మూకుడులో పాలు, ఒక అరటిపండు గుమ్మం పక్కన పెట్టింది. "ఇది లతకు."

పాలు కారుణ్య తాగింది. పండు కృపాదానం తిన్నాడు.

తాగుతుండగానే కారుణ్యకు వెలిగింది. పెట్టెలో దాక్కునే చోటు ఒక్కటే ఉంది, అదీ సత్రంలా వెడల్పు. కృపాదానం రెండు చిన్న కుండలు తెచ్చి, పాము దూరేలా అంచులు కొట్టి, వెచ్చటి పక్క ఒకటి, చల్లటి పక్క ఒకటి బోర్లించాడు. అద్దాలకు సునీత తన పాత చీర కప్పింది. మూడోరోజున బంతి తినేసింది. ముగ్గురూ స్తోత్రం చెప్పుకున్నారు.

ఆ పై వారం, శంఖం ఊదిన కాసేపటికి, కింద నుంచి మాసిమా కేక.

"కృపా! మీ లత నా మంచమెక్కి కూర్చుంది. వచ్చి తీసుకెళ్లు!"

"ఏ లతండీ?" సునీత గుసగుసలాడింది. "మనకి ఆ పేరు గల గుంటే నేదు కదా!"

"టెక్కలిలో నాకు చెల్లే నేదు," కృపాదానం చెమట తుడుచుకున్నాడు. "సంఘ పెద్దనయ్యుండి అబద్ధమాడానని ప్రభువు నిజంగానే పంపించేసాడేటి?"

కారుణ్య అప్పటికే పెట్టె దగ్గరుంది. చీర పక్కకు తీసి చూస్తోంది. అద్దం బెత్తెడు జరిగి ఉంది. రెండు కుండలూ ఖాళీ.

"ఇంకా రారేం?" మాసిమా గొంతులో కోపం లేదు. "నా శాలువా వెచ్చగా ఉందని వదలనంటోంది!"

ఈ కథ గుర్తుపెట్టుకుని మీవాళ్లకూ చెప్పండి, కానీ ఈ ఒక్క ముక్క నాలాగే చివరిదాకా దాచండి: దీపాలు పెట్టాక పాము పేరెత్తకూడదని ఆ ఊరి పెద్దవాళ్లు దాన్ని 'లత' అంటారు.