సున్నం కొట్టిన ఇల్లు

సోదరా, ఎవరిని నమ్మి నీ పిల్లలను ఆ పగిలిన గోడ పక్కన పడుకోబెడుతున్నావు?

భూకంపానికి మార్కాపురంలో కూలిన ఇళ్లను ఫొటోలు తీసిన సాగర్, ఊరు కోలుకోవడం కూడా చూపించాలని డిసెంబరులో మళ్లీ వచ్చాడు. పగుళ్లు తేలిన ఆ వీధిలో ఎలీషబా ఇల్లొక్కటే తెల్లగా మెరుస్తోంది. గుమ్మానికి క్రిస్మస్ నక్షత్రం వేలాడుతోంది.

"అత్తా, లోపల్నించి నవ్వుకుంటా బయటికి రా."

"ఈ బోసినోరు తీస్తే నీ కెమెరా పగులుతుంది అల్లుడా!" అంటూనే ఆమె నవ్వింది.

సాయంత్రానికి ఆ ఫొటో అందరి ఫోన్లలోకీ చేరింది. అది చూసి, ఊరి బయట డేరాలో ఉంటున్న ఎదురింటివాళ్లు దాన్ని విప్పి, పిల్లలతో తమ మిద్దెలోకి వెళ్లిపోయారు. ఆ వారమే భూమి మళ్లీ కదిలింది. మిద్దె కూలింది. ఒక్కరూ మిగల్లేదు.

సమాధుల దగ్గర ఎలీషబా గుండెలు బాదుకుంది. "ఆ పగుళ్లింట్లోకి ఎందుకు పోయినారు అల్లుడా?"

"నువ్వు ఇంట్లో చేరినావని, నీ ఫొటో చూసి పోయినారు అత్తా."

"నేనేడ చేరినా? పండక్కని పగుళ్ల మీదనే సున్నం కొట్టుకున్నా. నువ్వు రమ్మంటే లోపలికి పోయి వచ్చినా. పండుకునేది ఇప్పటికీ పెరట్లో టార్పాలిన్ పట్ట కిందనే గదా!"

పగిలిన గోడకు పూత పూసి, అంతా క్షేమమని చెప్పేవారిని ప్రవక్తలు ఆనాడే గద్దించారు. ఆ ఫొటో ఇంకా ఫోన్లలో తిరుగుతూనే ఉంది. దాన్ని నమ్మినవారు మీ వీధిలో ఎందరున్నారో! లేవండి, వెళ్లి తలుపులు తట్టండి. పొద్దు గుంకకముందే, ఈరోజే, పిల్లలను బయటికి తీసుకురండి.